ఏడు సీసాల జాబితాలు పోల్చినా జుట్టు రాలడం ఆగలేదు

విశాఖపట్నం నుంచి ఒక ఉపాధ్యాయురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే పాఠశాల వివరాలు ప్రచురించవద్దని కోరారు కాబట్టి విషయానికి అవసరమైన మేరకే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 38. భర్త ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. చాలా ఏళ్లు ఉక్కునగరం క్వార్టర్లలో ఉండి, గత జూన్‌లో కూర్మన్నపాలెం దగ్గర సొంతంగా కొనుక్కున్న ఫ్లాట్‌లోకి మారారు. అక్కడ స్నానానికి బోరు నీరే ఆధారం. శ్రావణ మాసంలో డెంగీ జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. కోలుకున్నాక సెప్టెంబరులో, అంతవరకు వాడుతున్న షాంపూ మాని వేరే కంపెనీది మొదలుపెట్టారు. కార్తీక మాసం వచ్చేసరికి తలంటుకున్న ప్రతిసారీ స్నానాల గదిలో జాలీ మూసుకుపోయేంతగా జుట్టు రాలసాగింది. జడ సగానికి సన్నబడింది.

తప్పు కొత్త షాంపూదేనని ఆమె తీర్మానించుకున్నారు. లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఊరుకోలేకపోయానని ఆమే రాశారు. ఒక నోట్‌బుక్ తెరిచి, ఏడు షాంపూల సీసాల వెనుక ముద్రించిన పదార్థాల జాబితాలను గడులు గీసి ఎక్కించారు. దాని నకలు ఉత్తరంతో పాటు పంపారు. 180 రూపాయల సీసాలోనూ 750 రూపాయల సీసాలోనూ మొదటి నాలుగు పదార్థాలు ఒకటే కావడం, సల్ఫేట్ లేదని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిన మరో సీసా వాడినప్పుడే జుట్టు మరింత పీచులా తయారవడం ఆమెను అయోమయంలో పడేశాయి.

ఇంట్లో చిక్కు వేరే ఉంది. ఈ సీసాలన్నీ అవతల పారేసి కుంకుడుకాయలకు మారమని అత్తగారు అంటున్నారు. ఆడపడుచు ఒక గొలుసుకట్టు వ్యాపారంలో చేరి ఉల్లి నూనె అమ్ముతున్నారు. సీసా 900 రూపాయలు. కాదనలేక నెలకొకటి కొంటూ, రాత్రి పట్టించి పొద్దున తలంటుకోవడం మొదలుపెట్టాక మాడు మీద పొలుసులు లేస్తున్నాయి. పైగా, “వదినా, వాడక ముందు, వాడిన తరువాత ఫొటోలు ఇస్తే స్టేటస్‌లో పెట్టుకుంటాను” అని ఆడపడుచు అడుగుతున్నారు. మొత్తం మీద నెలకు మూడు వేల దాకా ఖర్చవుతోందని, జుట్టు కోసం ఇంత రాద్ధాంతమా అని భర్త విసుక్కుంటున్నారని రాశారు. ఫాల్గుణంలో తమ్ముడి పెళ్లి ఉంది. ఉత్తరం చివర్లో, పార్లర్‌లో కొనే నల్ల హెన్నాను రెండేళ్లుగా మూడు వారాలకొకసారి వేసుకుంటున్నానని, ఈ మధ్య చెవుల వెనుక దురద, నుదుటి అంచున ఎరుపు వచ్చి రెండు మూడు రోజులకు తగ్గుతున్నాయని, అవి కూడా షాంపూ వల్లే కావచ్చని ఒక ముక్క రాశారు. ఏడింటిలో ఏది మంచిది, కుంకుడుకాయలకు మారాలా, నూనె వద్దని ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ పట్టికను శ్రద్ధగా చదివాను. అందులో ఏడు షాంపూలు ఉన్నాయి, ఆడపడుచు ఇచ్చిన నూనె ఉంది, మధ్యలో కొన్నాళ్లు వాడి మానేసిన కండిషనర్ కూడా ఉంది. నల్ల హెన్నా పొట్లం మాత్రం లేదు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చదవవలసింది ఆ పొట్లాన్నే కాబట్టి, మీరు అడిగిన మూడు ప్రశ్నలనూ కాసేపు పక్కన పెడతాను.

గోరింటాకు పొడి ఎంత మేలైనదైనా తెల్ల వెంట్రుకకు ఇచ్చేది ఎరుపు, నారింజ కలిసిన రంగే. ఒక్క పూతతో, గంటలోపే నల్లగా మార్చే పొడిలో గోరింటాకు ఉన్నా లేకపోయినా, ఆ నలుపు సాధారణంగా పారా ఫినిలీన్ డయామిన్ అనే రసాయనం వల్ల వస్తుంది. దీన్నే క్లుప్తంగా పీపీడీ అంటారు. ఎంతోమంది దీన్ని ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నారన్నది నిజమే. అయితే పడని వారికి అది మొదటి వాడకంలోనే పడకపోవాలని లేదు. ఏళ్ల తరబడి వాడిన తరువాత ఒకనాడు శరీరం ఎదురు తిరగవచ్చు, ఒకసారి ఎదురు తిరిగాక మళ్లీ వేసుకున్నప్పుడు ఇంకాస్త తీవ్రంగా స్పందించవచ్చు. అమెరికాలో స్పర్శ వల్ల వచ్చే చర్మవ్యాధుల నిపుణుల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ‘ఈ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటిస్తుంది. 2006లో ఆ స్థానం పీపీడీది. అది పడనివారిలో మొదట కనిపించే చోట్లు చెవుల వెనుక, నుదుటి అంచు, మెడ వెనుక, కనురెప్పలు. వీటిలో రెండు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

దూరం నుంచి ఇది పీపీడీయేనని నేను తేల్చలేను. కాని మీ నోట్‌బుక్ కొంతవరకు తేల్చగలదు. తలంటుకున్న తేదీలు మీరు రాసి పెట్టుకున్నారు. రంగు వేసుకున్న తేదీలను, దురద వచ్చిన తేదీలను కూడా గుర్తు చేసుకుని వాటి పక్కన రాయండి. షాంపూయే కారణమైతే వారానికి రెండుసార్లు తలంటుకునే మీకు దురద కూడా ఇంచుమించు అదే లెక్కన రావాలి. రంగు కారణమైతే మూడు వారాలకొకసారి, రంగు వేసుకున్న మరునాడో ఆ పైరోజో మొదలవ్వాలి.

ఇక ఆ పొట్లం మీద ఏం రాసి ఉంటుందన్న సంగతి. మన దేశంలో సౌందర్య సాధనాల మీద పదార్థాల జాబితా తప్పనిసరి అయినా, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకూ 30 గ్రాముల లోపు పొడులకూ ముద్దలకూ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మీ పొట్లం ఆ లెక్కలోకే వస్తే దాని మీద జాబితా వెతికినా దొరకకపోవచ్చు. జాబితా లేనంత మాత్రాన అందులో ఏమీ లేదనుకోకూడదు. అయితే పీపీడీ ఉన్న రంగుల మీద, కొందరికి చర్మం మీద దురద, మంట కలిగించే పదార్థాలు ఇందులో ఉన్నాయని, వాడే ముందు పరీక్షించి చూసుకోవాలని, కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ వాడకూడదని హెచ్చరిక వేయాలని నియమం ఉంది. ఆ హెచ్చరిక కనిపించిందంటే జవాబు దొరికినట్టే. హెచ్చరికా లేక, జాబితా లేక, తయారీదారు చిరునామా కూడా లేకపోతే ఆ పొట్లాన్ని తలకు రాసుకోవడం నాకు సమ్మతం కాదు.

మామూలుగా అయితే రంగును మోచేతి మడతలో చిన్న చుక్క రాసి 48 గంటలు చూడమంటారు. మీకు ఇప్పటికే లక్షణాలు ఉన్నాయి కాబట్టి ఆ ప్రయోగం ఇంట్లో చేయవద్దు. రంగు ఆపి, చర్మవ్యాధుల వైద్యులకు చూపించండి. అనుమానమున్న పదార్థాలను వీపు మీద పట్టీలుగా అంటించి, రెండు రోజులకు ఒకసారి, ఆ తరువాత మరోసారి చూసి నిర్ధారించే పరీక్ష ఉంది. ప్రైవేటు వైద్యులు ఖరీదనిపిస్తే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగం ఉంది; కాకపోతే ఓపీలో ఒక పూట గడిచిపోతుందని సెలవు పెట్టుకుని వెళ్లండి.

రంగు ఆపితే పెళ్లినాటికి పాపిడి దగ్గర తెలుపు కనిపిస్తుందన్న బెంగ మీకు ఉంటుంది. అందుకు దారులు లేకపోలేదు. అచ్చమైన గోరింటాకు పొడి వేసుకుంటే తెల్ల వెంట్రుకలు ఎర్రబడతాయి. కొందరికి అది బాగుంటుంది, కొందరికి ససేమిరా నచ్చదు. గోరింటాకు కడిగేశాక నీలి ఆకు పొడిని రెండో పూతగా వేస్తే ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా వస్తుంది. కాని దానికి సగం ఆదివారం పోతుంది, మొదటిసారి అనుకున్న రంగు రాకపోవచ్చు, కాబట్టి పెళ్లికి ముందురోజు కాకుండా నెల ముందే ఒక పాయ మీద వేసి చూసుకోవాలి. ఆ పొడులలో కూడా రహస్యంగా పీపీడీ కలిపే వారున్నారు, అందుకే అరగంటలో నలుపు అని చెప్పేదేదీ వద్దు. అమోనియా లేని రంగు అని పార్లర్‌లో చెబుతారు. అమోనియా లేకపోవడానికీ పీపీడీ లేకపోవడానికీ ఏ సంబంధమూ లేదు. ఏదీ వేయకుండా మొహమాటం లేకుండా వెళ్లడం మూడో దారి. ఆ నిర్ణయం మీది.

ఇప్పుడు మీ ఏడు సీసాల దగ్గరికి వద్దాం. అంత ఓపికగా ఎక్కించిన పట్టిక వృథా కాదు. అయితే దాన్నుంచి మీరు రాబట్టాలనుకుంటున్నది ఒకటి, అది చెప్పగలిగేది మరొకటి.

జాబితాలోని వరుసకు ఒక నియమం ఉంది. 1 శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తరువాత ఏ క్రమంలోనైనా రాయవచ్చు. మీ పట్టికలో ప్రతి సీసాలోనూ మొదట నీరు, తరువాత మురికిని వదిలించే సోడియం లారెత్ సల్ఫేట్ వంటి పదార్థం, తరువాత నురగను మెత్తబరిచే కోకమిడోప్రొపైల్ బీటైన్, ఆపై చిక్కదనం కోసం ఉప్పు ఉన్నాయి. షాంపూ అంటే ప్రధానంగా ఇదే. ధర 180 అయినా 750 అయినా మొదటి నాలుగూ కలవడంలో మోసమేమీ లేదు, వింతా లేదు. మీ పట్టికలో ఫినాక్సీ ఇథనాల్ అనే పేరు నాలుగు సీసాల్లో కనిపిస్తోంది. అది చెడిపోకుండా వేసే పదార్థం, సాధారణంగా 1 శాతం మించి వాడరు. కాబట్టి దాని తరువాత వచ్చిన గుంటగలగరాకు సారం, మందార సారం, ఉల్లి సారం, బయోటిన్ అనే విటమిన్ అన్నీ 1 శాతం లోపువే అనుకోవచ్చు. దాని కంటే ముందు రాసినవి ఎక్కువ ఉన్నాయని మాత్రం చెప్పలేం, ఎందుకంటే ఆ భాగంలో వరుస కంపెనీ ఇష్టం. అమ్ముడుపోయే పేర్లను ముందుకు జరపడానికి అడ్డేమీ లేదు.

తక్కువ ఉన్నదల్లా పనికిరానిదని కూడా అనుకోవద్దు. మీరు ఎర్ర సిరాతో సున్నా చుట్టిన గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అనే నోరు తిరగని పేరు గోరుచిక్కుడు జాతి గింజల జిగురు నుంచి తయారైనదే. అది 1 శాతంలో చిన్న భాగం ఉన్నా వెంట్రుకకు పట్టుకుని చిక్కు తగ్గిస్తుంది. అదే మోతాదులో గుంటగలగరాకు సారం, తలమీద రెండు నిమిషాలు ఉండి నీళ్లతో పోయే షాంపూలో, కుదుళ్లకు ఏదో ఒరగబెడుతుందని నేను నమ్మను. జాబితాలో పేరు చూసి మోతాదు ఊహించలేం, మోతాదు తెలిసినా పనితనం ఊహించలేం. ఒకే నాలుగు పదార్థాలున్న రెండు సీసాలలో ఒకటి జుట్టును ఎండబెట్టి, మరొకటి మెత్తగా ఉంచవచ్చు. ఏది ఎంత పాళ్లలో కలిపారో, దాని ఆమ్లత్వం ఎంతో అట్ట మీద ఉండదు.

సల్ఫేట్ లేదన్న సీసా మీ జుట్టును పీచులా మార్చిందని రాశారు. మీ పట్టికలోనే దానికి కారణం దొరికే అవకాశం ఉంది. ఆ సీసాలో రెండో పదార్థం సోడియం సీ14-16 ఒలెఫిన్ సల్ఫొనేట్. అది సల్ఫేట్ కాదు కాబట్టి అట్ట మీద రాసింది అబద్ధం కాదు. కాని జిడ్డును వదిలించడంలో అది సల్ఫేట్‌లకు తీసిపోదు. పైగా మీ సీసాలలో ఎక్కువ వాటిలో ఉన్నది సోడియం లారెత్ సల్ఫేట్. భయపెట్టే ప్రచారంలో ఎక్కువగా వినిపించే సోడియం లారిల్ సల్ఫేట్ కంటే ఇది చర్మానికి సౌమ్యమైనది. సరుకు చెడిపోకుండా వేసే పారాబెన్‌ల మీద కూడా మీరు ప్రశ్నార్థకాలు పెట్టారు. యూరప్‌లో 2014లో ఐదు రకాల పారాబెన్‌లను నిషేధించి, మరో రెండింటికి పరిమితి తగ్గించారు. మీ సీసాలో ఉన్న మిథైల్ పారాబెన్ ఆ నిషేధంలో లేదు. పైన చెప్పిన సంఘమే 2019లో పారాబెన్‌లను, కాస్త చమత్కారంగా, ‘ఈ ఏటి అలర్జీ కారకం కానిది’గా ప్రకటించింది. పారాబెన్ లేదని గొప్పగా రాసుకున్న మీ మూడో సీసాలో దాని బదులు మిథైల్ ఐసోథయాజోలినోన్ ఉంది. అదే సంఘం 2013లో అలర్జీ కారకంగా ఎంచుకున్నది దాన్నే. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు ఆ రెండింటిలో ఏది మేలో నేను వేరే చెప్పనక్కరలేదు. కొన్నాళ్లపాటు ఆ మూడో సీసాను మాత్రం మానేయండి.

మీకు పడని పదార్థం ఏదో తెలిస్తే, ఏయే సీసాలు కొనకూడదో మీ పట్టిక క్షణంలో చెబుతుంది. ఏది మేలైనదో చెప్పడం దానివల్ల కాదు. జుట్టు ఎందుకు రాలుతోందో చెప్పడం అసలే కాదు, ఎందుకంటే ఆ కారణం ఏ సీసా వెనుకా ముద్రించి లేదు.

ఆ కారణం మీ ఉత్తరంలోని తేదీలలో ఉందని నాకు అనిపిస్తోంది. వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పెరిగి, ఆ తరువాత రెండు మూడు నెలలు కదలకుండా ఉండి, రాలిపోతుంది. మామూలుగా తలలో పదో వంతు వెంట్రుకలు ఆ విశ్రాంతి దశలో ఉంటాయి. డెంగీ వంటి తీవ్ర జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స, ఉన్నట్టుండి తిండి తగ్గించడం వంటివి శరీరాన్ని కుదిపినప్పుడు ఎన్నో వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం ఆపి ఆ దశలోకి వెళతాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తరువాత. శ్రావణంలో జ్వరం, కార్తీకంలో జుట్టు. మధ్యలో సెప్టెంబరులో మీరు షాంపూ మార్చారు కాబట్టి నేరం దాని మీద పడింది. ఈసారి రాలిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి వేర్ల వైపు చూడండి. కొసన గసగసాల గింజలో సగం ఉండే తెల్లటి బుడిపె కనిపిస్తే అది కాలం తీరి కుదురు నుంచి ఊడినది. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో విరిగినది. దానికి నీరు, దువ్వెన, షాంపూ కారణం కావచ్చు. మీ విషయంలో రెండూ కలిసి ఉండే అవకాశం కూడా ఉంది.

జ్వరం తరువాత రాలే జుట్టు సాధారణంగా ఆరు నెలల్లో దానంతటది తగ్గుముఖం పడుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఆరోగ్యవంతులలోనూ మామూలే. తలంటు రోజున దువ్వెనలో చిక్కనివి కూడా కలిసి వస్తాయి కాబట్టి కుప్పలా కనిపిస్తుంది. నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేస్తున్నాయేమో అద్దంలో చూడండి, అవి కొత్తవి. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి జడ మునుపటి మందానికి రావాలంటే ఏడాది పైనే పడుతుంది. ఫాల్గుణానికి రాలడం తగ్గుతుందని ఆశించవచ్చు. జడ మాత్రం తిరిగి రాదు. పెళ్లికి సవరం పెట్టుకోవడం ఏ షాంపూ కంటే నమ్మదగిన ఉపాయం.

ఈ కాలక్రమం ఆడపడుచు నూనె సంగతిలో కూడా ముఖ్యమే. మాఘంలోనో ఫాల్గుణంలోనో రాలడం తగ్గినప్పుడు మీ చేతిలో ఏ సీసా ఉంటే ఘనత దానికి పోతుంది. మీరు ఫొటోలు ఇస్తే ఆమె వాటిని అబద్ధమని తెలిసి పెట్టరు, నిజమని నమ్మే పెడతారు. వాటిని చూసి కొనేవాళ్లలో మీ తోటి టీచర్లు కూడా ఉంటారు. నూనె మీద ఉన్న జాబితాను మీరే ఎక్కించారు. మొదటిది లైట్ లిక్విడ్ పారాఫిన్, అంటే పెట్రోలియం నుంచి శుద్ధి చేసిన నూనె. అది విషం కాదు, వెంట్రుక మీద పొరలా నిలిచి చిక్కు తగ్గిస్తుంది. కాకపోతే 900 రూపాయల సరుకు కాదు. ఉల్లి గింజల నూనె అన్నచోట బ్రాకెట్లలో నైజెల్లా సటైవా అని ఉందని రాశారు. అది నల్లజీలకర్ర, కలోంజీ. ఉల్లిపాయకు దానికీ బంధుత్వం లేదు. వెంట్రుకలోని మాంసకృత్తులు కడిగినప్పుడు పోకుండా ఆపడంలో పారాఫిన్, పొద్దుతిరుగుడు, కొబ్బరి నూనెలను పోల్చి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఆ పని చేసింది కొబ్బరి నూనె ఒక్కటే అని తేలింది. కాబట్టి నూనె రాసుకోవాలనే ఉంటే ఇంట్లో కొబ్బరి నూనె చాలు. అదీ తలంటుకు గంట ముందు జుట్టు పొడవునా రాయండి, మాడుకు కాదు. చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రం మన చర్మం మీద ఉండే జిడ్డును తినే బతుకుతుంది. విశాఖ ఉక్కపోతలో, చెమట పట్టిన మాడు మీద రాత్రంతా నూనె ఉంచితే దానికి విందు పెట్టినట్టే. మీ పొలుసులు చుండ్రువో, రంగు వల్ల వచ్చినవో చూస్తేనే తెలుస్తుంది. చుండ్రే అయితే ఆ శిలీంధ్రాన్ని అదుపు చేసే కీటోకోనజోల్ షాంపూను ఎన్ని వారాలు వాడాలో వైద్యులు చెబుతారు.

ఆమెకు ఎలా చెప్పాలన్నదే అసలు ఇబ్బంది. మాట్లాడకుండా నెలనెలా కొని అలమరలో పెట్టుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఏడాదికి పదివేలకు పైగా పోతుంది, రేపు నూనె తరువాత ఆమె తెచ్చే పొడికీ మాత్రలకూ మొదటి గిరాకీ మీరే అవుతారు. ఆ నూనెలో ఏముందో మీ పట్టిక ముందు పెట్టి వాదిస్తే మీరే గెలుస్తారు. కాని ఆమె తాను మోసపోయానని మీ నోటి నుంచి వినవలసి వస్తుంది, అది వదినా ఆడపడుచుల మధ్య అంత తేలిగ్గా మరుపుకు రాదు. మీవారి చేత చెప్పిస్తే అన్నాచెల్లెళ్ల మాటగా ముగియవచ్చు, లేదా వదిన చెప్పించిందన్న నింద మిగలవచ్చు. మీవారి మాటతీరు మీకే తెలుసు. నాకు నచ్చిన దారి ఒకటుంది. వైద్యులకు చూపించుకున్నాక, “మాడు మీద పొలుసులు తగ్గేదాకా ఏ నూనె వద్దన్నారమ్మా, అందుకని ఈ నెల నుంచి తీసుకోవడం లేదు” అని చెప్పండి. వైద్యులు నిజంగా ఆ మాట అంటేనే చెప్పండి. ఫొటోల విషయం మాత్రం దానితో కలపకుండా, “నాకు జ్వరం వల్ల రాలింది, దానంతటదే తగ్గుతుందట, నీ నూనె పేరు మీద నా ఫొటో పెడితే బాగుండదు” అని విడిగా, సూటిగా చెప్పాలి. దీనివల్ల కొన్నాళ్లు ఆమె ముభావంగా ఉండవచ్చు. ఆమె ఆ వ్యాపారంలో ఎంత పెట్టుబడి పెట్టి ఇరుక్కున్నారో కూడా ఒకసారి అడగండి. సరుకు అమ్ముడుపోక ఇబ్బందిలో ఉంటే, ఆమెకు కావలసింది మీ 900 కాదు, వేరే సాయం.

అత్తగారి కుంకుడుకాయలకు నేను అడ్డు చెప్పను. పూర్ణా మార్కెట్‌లో మంచి కాయలు దొరుకుతాయి. మన్యం గిరిజనుల దగ్గర వాటిని కొనే గిరిజన సహకార సంస్థ కేంద్ర కార్యాలయం కూడా మన ఊళ్లోనే ఉంది. అయితే రసాయనం లేదన్న కారణంతో మారితే మాత్రం నిరాశపడతారు. కుంకుడులో మురికి వదిలించేది సపోనిన్ అనే పదార్థం, అది కూడా నురగనిచ్చి జిడ్డును లాగేసేదే. కాయలు కొట్టి, నానబెట్టి, వడగట్టి, కళ్లలో పడకుండా పోసుకోవడానికి మీ బడిరోజులలో తీరిక ఉండదు. జుట్టు రాలుతున్న ఈ రోజుల్లో కండిషనర్ లేకుండా చిక్కు ఎక్కువై, దువ్వినప్పుడు మరింత విరిగే అవకాశమూ ఉంది. ఆదివారం పూట అత్తగారి చేత పోయించుకుని, వారం మధ్యలో షాంపూ వాడితే పెద్దావిడ మాటా చెల్లుతుంది, మీ పనీ గడుస్తుంది.

నీటి గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఉక్కునగరం కుళాయి నీటి నుంచి కూర్మన్నపాలెం బోరు నీటికి మారిన తరువాతే జుట్టు పీచులా అయిందేమో గుర్తు చేసుకోండి. ఒక సీసాలో సగం బోరు నీరు, మరో సీసాలో సగం తాగే నీరు పోసి, రెండింటిలో సమానంగా సబ్బు తురుము వేసి బాగా కుదపండి. బోరు నీటిలో నురగ రాక, పైన తెల్లటి తెట్టు కడితే అది గట్టి నీరు. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా ఆమోదిస్తుంది, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా సహిస్తుంది. మీ అపార్ట్‌మెంట్ వాళ్లు నీటిని పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం అడగండి. గట్టి నీరు కుదుళ్లతో జుట్టు ఊడగొట్టదు, వెంట్రుకను గరుకుగా మార్చి విరిగేలా చేస్తుంది. చివరి రెండు చెంబులు కుళాయి నీటితోనో తాగే నీటితోనో పోసుకోవడం చవకైన ఉపాయం. మీ పట్టికలో డైసోడియం ఈడీటీఏ ఉన్న సీసాలు ఐదు ఉన్నాయి. నీటిలోని సున్నాన్ని పట్టి ఉంచే గుణం దానికి ఉంది. వాటిలో అన్నిటికంటే తక్కువ ధరది ఆ 180 రూపాయలదే. ఏది కొనాలని పట్టుబట్టి అడిగితే నా ఓటు దానికీ, డైమెథికోన్ (వెంట్రుకను నునుపు చేసే సిలికోన్) ఉన్న ఏదైనా మామూలు కండిషనర్‌కీ.

చివరిగా వైద్యుల దగ్గర జుట్టు గురించి కూడా అడగండి. జ్వరమే కారణమని నేను ఊహిస్తున్నా, మీ వయసు స్త్రీలలో రక్తహీనత, ఇనుము నిల్వలు తగ్గడం, థైరాయిడ్ సమస్య కూడా ఇలాగే జుట్టు రాలుస్తాయి; వీటిని రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. మీరు బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నానని రాశారు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదు, అందుకే కొన్ని రోజుల ముందు ఆపమని చెబుతారు. వైశాఖం దాకా ఆగవలసిన పని లేకుండా వెంటనే వెళ్లవలసిన సందర్భాలూ ఉన్నాయి: ఒకచోట గుండ్రంగా బట్టతల పడినా, మాడు మీద పుండ్లు లేచినా, కళ్లు ముఖం వాచినా ఆలస్యం వద్దు. ఆరు నెలలు దాటినా రాలడం తగ్గకపోయినా, పాపిడి రోజురోజుకూ వెడల్పవుతున్నా అది జ్వరం వల్ల వచ్చిన రాలడం కాకపోవచ్చు. అప్పుడు జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మాట రావచ్చు. అది సౌందర్య సాధనం కాదు, మందు. మొదలుపెట్టిన తొలి వారాలలో రాలడం ఇంకొంచెం పెరగవచ్చు, ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది, ఆపేస్తే వచ్చిన జుట్టు కూడా పోతుంది. ఎవరో చెప్పారని పెళ్లికి నెల ముందు దాన్ని సొంతంగా మొదలుపెట్టవద్దు.